వస్త్రము లేని ఊరికి ప్రాకారము: వర్చువల్ లోకములో ప్రకృతిజీవన సమాజముల చరిత్ర

తరణార్థకమైన 'తౄ' ధాతువునకు 'అవ' ఉపసర్గ చేరగా 'అవతార' శబ్దము సిద్ధించినది. క్రిందికి దిగుట అని దాని మూలార్థము. పురాణ పరిభాషకు చెందిన ఈ మాట గత శతాబ్దపు చివరి భాగమున కంప్యూటర్ క్రీడల వారి చేతికి చిక్కినది. 1985లో వెలువడిన 'అల్టిమా' క్రీడ నాల్గవ భాగములోను, దాని వెనువెంటనే లూకస్‌ఫిల్మ్ వారు నిర్మించిన 'హ్యాబిటాట్' అను లోకములోను అది కనబడుచున్నది. 1992లో నీల్ స్టీఫెన్‌సన్ వ్రాసిన 'స్నో క్రాష్' నవలతో దానికి విస్తృత ప్రచారము కలిగినది. ఇప్పుడు తెరమీద మనకు ప్రతినిధిగా నడచి, కూర్చుండి, మాటలాడు బొమ్మను లోకమంతయు అవతార్ అనియే పిలుచుచున్నది.

ఈ బొమ్మకు చలి లేదు, ఎండ లేదు, చెమట లేదు. అయినను దానికి మొట్టమొదట వస్త్రములనే తొడిగినారు. ఆ వస్త్రములను విడిచి, అట్లే విడిచిన మరికొందరితో కలసి ఒక తీరమున కూర్చుండి మాటలాడుకొనుటకై ప్రత్యేక స్థలములను నిర్మించినవారు కలరు. వినినంతనే ఇది విడ్డూరముగా తోచవచ్చును. కాని దీని చరిత్రను ఓపికగా పరిశీలించినచో, ఏ సామూహికాచారమైనను దేనివలన నిలుచును అను ప్రశ్నకు ఇక్కడ కొంత సమాధానము లభించును. ఈ వ్యాసమునకు అదియే ప్రయోజనము.

సన్న్యాసి నగ్నత, గృహస్థుని నగ్నత

భారతదేశమునకు నగ్నత క్రొత్త కాదు. క్రీ.పూ. 326లో అలెగ్జాండర్ తక్షశిలకు వచ్చినప్పుడు అతని పరివారములోని ఒనెసిక్రిటస్ అక్కడి వివస్త్ర తపస్వులతో సంభాషించినాడు. గ్రీకులు వారిని 'జిమ్నోసోఫిస్టులు' అన్నారు. నగ్న తత్త్వవేత్తలని దాని అర్థము. వారిలో కలనస్ అని గ్రీకులు పిలిచిన తపస్వి అలెగ్జాండర్ వెంట పారసీక దేశము వరకు వెళ్లి అచటనే చితినెక్కినాడు. జైనములో దిగంబర శాఖ మునులు నేటికిని దిక్కులనే అంబరముగా ధరించి సంచరించుచున్నారు. శ్రవణబెళగొళలో గంగరాజుల మంత్రి చావుండరాయడు 981 ప్రాంతమున నిలిపిన బాహుబలి విగ్రహము సుమారు 57 అడుగుల ఎత్తున దిగంబరముగా నిలిచియున్నది. కుంభమేళాలలో నాగసాధువులను ఎరుగనివారు లేరు. మన శ్రీశైలమునకు చేరిన అక్కమహాదేవి వస్త్రమును విడిచి కేశములనే ఆచ్ఛాదనగా చేసికొన్నదని వీరశైవ సంప్రదాయము చెప్పుచున్నది. తెలుగువారు వేమనయోగిని చిత్రించునప్పుడును దిగంబరునిగానే చిత్రించుదురు.

వీరందరికిని సమానమైన లక్షణమొకటి కలదు. వీరు ఇల్లు విడిచినవారు. గృహము, ధనము, బంధువులు, పేరు వీడిన పిమ్మట మిగిలిన వస్త్రమును కూడ వీడినారు. కనుక వారి నగ్నతకు గోడ అక్కరలేదు, సభ్యత్వము అక్కరలేదు, తోటివారు వస్త్రములు విడువవలసిన పనియును లేదు. రాజవీథిలో నడచినను అది ఏకాంతమే.

యూరోపులో ఆధునిక కాలమున పుట్టిన ప్రకృతిజీవనవాదము, అనగా నేచరిజం, దీనికి భిన్నమైనది. అది గృహస్థుల నగ్నత. ఉద్యోగము, కుటుంబము, ఊరిలో మర్యాద ఉన్నవారు, వాటిని విడువక, కొన్ని గడియలు లేదా కొన్ని దినములు ఎండ, గాలి, నీరు దేహమునకు నేరుగా తగులునట్లు కలసి గడుపుట దాని ఆశయము. సాయంకాలమునకు వారు మరల వస్త్రములు ధరించి ఇంటికి పోవలసినవారు. అందుచేత వారికి ఒక చోటు కావలెను. ఆ చోటికి హద్దులు కావలెను. లోపలివారికి ఒక నియమావళి కావలెను. సన్న్యాసి వస్త్రముతోపాటు వ్యవస్థను విడిచినాడు. గృహస్థుడు వస్త్రమును విడుచుటకే ఒక వ్యవస్థను నిర్మించుకొనవలసి వచ్చినది.

ఠాణా నుండి మోంటలివే వరకు

ఈ ఆధునికోద్యమపు తొలి జాడలలో ఒకటి మన దేశములోనే కనబడుట విశేషము. 1891లో బొంబాయి సమీపమున ఠాణాలో జిల్లా న్యాయాధీశుడుగా నున్న చార్లెస్ ఎడ్వర్డ్ గార్డన్ క్రాఫర్డ్ అను ఆంగ్లేయుడు 'ఫెలోషిప్ ఆఫ్ ది నేకెడ్ ట్రస్ట్' అను సంఘమును స్థాపించినాడు. అతడు ఇంగ్లండులోని రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్‌కు వ్రాసిన లేఖల మూలమున ఈ సంగతి తెలియవచ్చుచున్నది. సంఘమునకు నియమములు ఉన్నవి, సభ్యులు ముగ్గురే. తనదని చెప్పుకొనదగిన భూమి లేదు, తరువాతి తరమునకు అప్పగించు ఏర్పాటు లేదు. కొలదికాలమునకే అది అంతరించినది.

భూమి కలిగిన ప్రయత్నము 1903లో జర్మనీలో జరిగినది. ల్యూబెక్ నగర సమీపమున క్లింగ్‌బెర్గ్ అను చోట పౌల్ జిమ్మర్‌మన్ ఒక ఉద్యానమును తెరచినాడు. అందు మద్యము, మాంసము, పొగాకు నిషిద్ధములు, వ్యాయామము నిత్యవిధి. వస్త్రము లేని చోట ఇన్ని విధినిషేధములుండుట గమనింపదగినది. ఇంగ్లండులో 1922లో ఏర్పడిన సంఘము 'ఇంగ్లిష్ జిమ్నోసోఫికల్ సొసైటీ' అని పేరు పెట్టుకొన్నది. తక్షశిల తపస్వులకు గ్రీకులిచ్చిన పేరు ఇరువది రెండు శతాబ్దముల పిదప లండను గృహస్థులకు చేరినది. 1929లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 'ష్పీల్‌ప్లాట్స్' అను ఊరు వెలసి నేటికిని నిలిచియున్నది. 1933లో జర్మనీలో నాజీలు అధికారమునకు వచ్చిన కొలది వారములకే గోరింగ్ ఆజ్ఞతో ప్రష్యాలో నగ్నసంఘములపై నిషేధము పడినది. 1950లో ఆల్బెర్ లెకాక్ దంపతులు ఫ్రాన్సు అట్లాంటిక్ తీరమున మోంటలివేలో కుటుంబములకై విశాలమైన విడిదిని ఏర్పరచినారు. 1953లో అంతర్జాతీయ సమాఖ్య అక్కడనే పుట్టినది. 1974లో ఆ సమాఖ్య ఆగ్డ్ పట్టణమున సమావేశమై తన మార్గమునకు నిర్వచనము చెప్పుకొన్నది. సామూహిక నగ్నత ద్వారా ఆత్మగౌరవమును, పరగౌరవమును, ప్రకృతి పట్ల ఆదరమును పెంచు జీవనవిధానమని దాని సారాంశము. నగ్నత అందు సాధనముగా చెప్పబడినది. గౌరవము సాధ్యముగా చెప్పబడినది.

ఇసుక లేని తీరము

ఇక కల్పితలోకమునకు వచ్చెదము. ఫిలిప్ రోజ్‌డేల్ 1999లో స్థాపించిన లిండెన్ ల్యాబ్ అను శాన్ ఫ్రాన్సిస్కో సంస్థ 2003 జూన్‌లో 'సెకండ్ లైఫ్' అను వర్చువల్ ప్రపంచమును ప్రజలకు తెరచినది. ఇందు గెలుపు ఓటములు లేవు, చేరవలసిన గమ్యము లేదు. ఇళ్లు, చెట్లు, వస్త్రములు, నడకలు, ఆసనములు అన్నియు నివాసులే తయారు చేయుదురు. చేసినదానిపై హక్కు చేసినవారిదే అని సంస్థ 2003లోనే ప్రకటించినది. అటుపిమ్మట భూమిని పొంది, నెలనెల రుసుము చెల్లించి అనుభవించు పద్ధతి స్థిరపడినది. ఈ రెండు నిర్ణయములు లేకున్నచో అక్కడ ఏ సమాజమును స్థిరముగా వెలసియుండదు.

అక్కడి భూమికి కొలత కలదు. ఒక 'రీజియన్' పొడవు 256 మీటర్లు, వెడల్పు 256 మీటర్లు. అనగా 65,536 చదరపు మీటర్లు, సుమారు 16 ఎకరములు. అది నిజమునకు ఒక సర్వర్‌లో నడచుచుండు ప్రోగ్రాము. ఒక పూర్తి ద్వీపమునకు తొలినాళ్లలో నెలకు 195 డాలర్లు రుసుము. 2006 చివరలో అది క్రొత్త ద్వీపములకు 295 అయినది. అనగా సంవత్సరమునకు 3,540 డాలర్లు. 2018లో కొంత తగ్గించినారు. ఆ ద్వీపముపై నిలుపదగిన నిర్మాణఖండములకు కూడ పరిమితి కలదు. చిరకాలము అది 15,000గా ఉండినది. కొబ్బరిచెట్లు ఎన్ని నాటవలెను, అలలు ఎన్ని కదలింపవలెను అనునది గృహస్థుడు వెచ్చము లెక్కించినట్లు లెక్కింపవలసినదే.

ఇట్టి భూములపై ప్రకృతిజీవనవాదులు సముద్రతీరములను, స్నానవాటికలను, విడిది గృహములను, అరణ్యమార్గములను నిర్మించినారు. రూపములో అవి మోంటలివే వంటి నిజస్థలములకు ప్రతిబింబములు. దిగినవారు ఒక నిర్ణీత స్థానమున దిగునట్లు ఏర్పాటు చేయుదురు. అక్కడ నియమపత్రము ఒకటి చేతికందును. నూతనముగా వచ్చినవాని రూపము తెరపై ఏర్పడుటకు కొంత సమయము పట్టును. అంతవరకు అతడు ఇతరులకు ఒక మేఘఖండము వలె కనబడును. కనుక వస్త్రములు విడుచుటకు కొంత వ్యవధి ఇచ్చుట అక్కడి మర్యాద.

నియమములు సామాన్యముగా ఇట్లుండును. కామచేష్టలు, కామప్రసంగములు, ఆహ్వానములు నిషిద్ధములు. ఉద్రేకసూచకమైన రూపములో తిరుగరాదు. వస్త్రధారులై వచ్చి ఊరక చూచుచు నిలువరాదు. మొదటి హెచ్చరికతో మారనివారిని భూస్వామి గాని, అతడు నియమించిన అధికారులు గాని ఆ భూమి నుండి బహిష్కరింపవచ్చును. ఈ అధికారము ఆ లోకపు వ్యవస్థలోనే ఉన్నది. విశేషమేమనగా సెకండ్ లైఫ్ సంస్థ ఉచితముగా ఇచ్చు మూలదేహము బొమ్మ వలె నిరింద్రియమైనది. జననేంద్రియములు కావలెనన్నవారు విడిగా సంపాదించి తగిలించుకొనవలెను. నిజలోకమున పుట్టుకతో వచ్చినది అక్కడ బుద్ధిపూర్వకముగా ధరింపబడునది. అందుచేత నిజమైన తీరమున అడుగనక్కరలేని ప్రశ్నలకు ఇచట లిఖితనియమములు వ్రాసికొనవలసి వచ్చినది.

రెండు విపరీతములు

కల్పితలోకమున ఈ సమాజములు ఎదుర్కొన్న క్లేశములలో రెండు ముఖ్యమైనవి.

మొదటిది స్థాననిర్ణయము. 2009లో లిండెన్ ల్యాబ్ భూములను ఇప్పుడు జనరల్, మోడరేట్, అడల్ట్ అని పిలువబడు మూడు శ్రేణులుగా విభజించి, కామప్రధానమైన వ్యాపారములను 'జిండ్రా' అను ప్రత్యేక ఖండమునకు తరలించినది. జనరల్ భూములలో నగ్నత నిషిద్ధము. అడల్ట్ భూములలో నగ్నతకు అడ్డు లేదు గాని, అచట దానిని కామమునకు పీఠికగానే ఎంచుదురు. నగ్నత వేరు, కామము వేరు అని చెప్పుటకే పుట్టిన సమాజమునకు రెండు వైపుల నడుమ నున్న ఇరుకు దారియే శరణ్యమైనది. వ్యవస్థలు గుర్తు పెట్టగలిగినది దృశ్యమునకే. దాని వెనుకనున్న భావమునకు గుర్తు పెట్టు శ్రేణి ఏదియు లేదు. ఆ భేదమును సమాజము తన ప్రవర్తన చేతనే నిత్యము నిరూపించుకొనవలెను.

రెండవది బాలుర విషయము. మోంటలివే కుటుంబములకై వెలసినది. తల్లిదండ్రులు, బిడ్డలు, తాతలు ఒక్కచోట ఉండుట నిజలోకమున ఆ మార్గపు నిర్మలత్వమునకు సాక్ష్యముగా చూపుదురు. కల్పితలోకమున ఇది తలక్రిందులైనది. అచట బాలరూపము ధరించినవాడు బాలుడు కాడు. వాని వయస్సును, ఉద్దేశమును కన్నులతో ఎరుగలేము. కనుక బాలరూపములకు ప్రవేశము నిషేధించుట ఈ సమాజములకు ఆత్మరక్షణము. 2024లో లిండెన్ ల్యాబ్ తానే బాలరూపములకు తొలగింప వీలులేని ఆచ్ఛాదనను తప్పనిసరి చేసినది. ఏది నిజలోకమున నిర్మలత్వమునకు సాక్షియో అదియే ఇక్కడ అనుమానమునకు కారణమగుట విచారింపదగిన విషయము. ఆచారమును ఒక లోకము నుండి మరియొక లోకమునకు తెచ్చువారు దాని బాహ్యరూపమును తెచ్చిన చాలదు; ఏ ప్రయోజనమునకై ఆ రూపము ఏర్పడినదో తెలిసికొని అవసరమైనచోట రూపమును మార్చవలెను. ధర్మము దేశకాలములను అనుసరించి నడచునని మన పెద్దలు చెప్పిన మాటకు ఇది ఒక నిదర్శనము.

ఎండ తగలని దేహమునకు ఫలమేమి?

ఇచట విజ్ఞులైన పాఠకులు ఒక ఆక్షేపణ చేయవచ్చును. చర్మమునకు ఎండ తగలదు, గాలి సోకదు, నీరు అంటదు. మరి ప్రకృతిజీవనమున ప్రకృతి ఏది? ఈ ఆక్షేపణ బలమైనది. ఇంతకంటె బలమైనది మరియొకటి కలదు. నిజమైన తీరమున వృద్ధుని ముడుతలు, ప్రసవించిన తల్లి ఉదరము, శస్త్రచికిత్స గుర్తులు అందరికిని కనబడును. ఏ దేహమును పరిపూర్ణము కాదని కన్నులార చూచుటయే అచట లభించు సమత్వము. తెరమీది దేహము ఎంచి కొనుక్కొన్నది. అందరును యౌవనవంతులే, అందరును సుందరులే. కోరి చెక్కించుకొన్న దేహము కూడ ఒక వస్త్రమే అన్నచో ఆ మాటను ఖండించుట కష్టము. ఆ తీరమున ఎవరును నిజముగా నగ్నులు కారు.

ఈ లోపమును ఒప్పుకొనుట న్యాయము. ఒప్పుకొన్న పిమ్మట ఏమి మిగులునో చూడవలెను. దృష్టినియమము మిగులును. నిజమైన తీరమున ఒకడు మరొకని తేరిపార చూచినచో నలుగురును గమనింతురు. సిగ్గు కొంత కాపాడును. సెకండ్ లైఫ్‌లో చూచువాని కెమెరా అతని అవతార్ కన్నులతో కట్టువడి ఉండదు. బొమ్మ సముద్రము వైపు తిరిగి కూర్చుండగా యజమాని చూపు ఎచటనైనను సంచరింపవచ్చును. ఛాయాచిత్రము తీయుట ఒక మీట నొక్కినంత పని. ఏ అధికారియు దీనిని పూర్తిగా కనిపెట్టలేడు. మాటను, చేష్టను ప్రాకారము అడ్డగలదు, చూపును అడ్డలేదు. కనుక అక్కడ దృష్టిని నిగ్రహించుకొనువాడు ఎవరును చూడకున్నను నిగ్రహించుకొనుచున్నాడు. శాస్త్రములు యమమని చెప్పిన గుణమునకు ఇది ఎంత దూరము?

మరియొక ఫలమును కలదు. నిజమైన తీరమునకు పోలేనివారు పలువురు. వ్యాధితో మంచము విడువలేనివారు, తమ దేహమును ఇతరుల ముందుంచుటకు తీరని భీతి గలవారు, అట్టి స్థలము చట్టసమ్మతము కాని దేశములవారు ఇందులకు ఉదాహరణములు. మన దేశములో బహిరంగ అశ్లీలచేష్టలను శిక్షించు సూత్రము పూర్వము భారత శిక్షాస్మృతి 294వ సెక్షనుగా ఉండినది; 2024 జూలై నుండి భారతీయ న్యాయసంహిత 296వ సెక్షనుగా అమలులో ఉన్నది. దిగంబర మునికి సంప్రదాయము రక్ష; గృహస్థునికి అట్టి రక్ష లేదు. అట్టివారికి తెర ఒక్కటే ద్వారము. ప్రతిబింబము సూర్యుడు కాదు. అయినను గ్రహణము నాడు సూర్యుని నీటిలోనే చూతుము గదా.

నిలుపుట

కట్టుటకు ఉత్సాహము చాలును. నిలుపుటకు ప్రతినెల రుసుము కావలెను. కల్పితలోకమున ఇది నిర్దాక్షిణ్యమైనది. రాతికట్టడము దిక్కులేనిదైనను శిథిలమై వందల ఏండ్లు నిలుచును. ఎవరో ఒకరు వచ్చి మరల దీపము పెట్టవచ్చును. సర్వర్ మీది ద్వీపమునకు శిథిలావస్థ లేదు. రుసుము ఆగినచో పటము నుండి అది తొలగిపోవును. తీరము, చెట్లు, అచట పదేండ్లు సాగిన సాయంకాల సంభాషణల చోటు ఒక్కసారిగా అదృశ్యమగును.

అందుచేత చిరకాలము నిలువగోరిన సమాజములకు కొన్ని ఉపాయములు తప్పలేదు. ద్వీపములో కొంత భాగమును ఇంటిస్థలములుగా విభజించి సభ్యులకు అద్దెకిచ్చి, ఆ ధనముతో సామాన్యతీరమును పోషించుట ఒకటి. విరాళపాత్రలు ఉంచుట ఒకటి. సంగీత నృత్య గోష్ఠులను నియతముగా జరిపి, వేర్వేరు దేశకాలములవారికి అనువైన వేళలు నిర్ణయించుట మరియొకటి. ఎవరును లేని తీరమునకు వచ్చినవాడు రెండవమారు రాడు. భూమిని వ్యక్తి పేర గాక సమూహము పేర ఉంచుట, స్వాగతము పలుకువారికి, బహిష్కరించు అధికారము గలవారికి పనులు పంచుట కూడ అవసరములే. స్థాపకుడు రోగగ్రస్తుడైనను, విసిగినను, మరణించినను రుసుము కట్టు చేయి మరొకటి ఉండవలెను. ఈ ఏర్పాటు లేని స్థలము ఎంత మనోహరమైనను ఠాణాలోని ముగ్గురి సంఘము వంటిదే.

ఈ మర్మము మన దేవాలయ శాసనములకు సుపరిచితము. ద్రాక్షారామ భీమేశ్వరాలయ స్తంభములపై అఖండదీపముల కొరకు గొఱ్ఱెలను, ఆవులను సమర్పించిన దానశాసనములు ఎన్నో కలవు. దాత ఒకనాటి నేతిని తెచ్చి పోయలేదు. మందను ఇచ్చినాడు, మంద పెరుగును, దాని పాడి వలన నేయి వచ్చును, మందను మేపువానిపై నిత్యము నేయి కొలుచు బాధ్యత ఉండును. దీపము దాత ఆయువుతో ముడిపడకుండుటకు ఆ ఏర్పాటు. ఆరాధనమునకును, నగ్నులైన గృహస్థుల తీరమునకును ప్రయోజనములో సామ్యము లేదు. నిర్వహణ ధర్మము మాత్రము ఒక్కటే.

కనుక కల్పితలోకమున గాని, నిజలోకమున గాని అందరు అనుమానముతో చూచు ఒక ఆచారమునకు చోటు కల్పింపదలచినవారు ముందుగా ఇసుక రంగును గూర్చి గాక మరి రెండు విషయములను గూర్చి ఆలోచించుట మేలు. ద్వారమువద్ద నిలిచి, వచ్చినవానికి నియమమును మృదువుగా చెప్పి, అవసరమైనచో కఠినముగా పంపివేయువారెవరు? పదవ సంవత్సరమున రుసుము ఎవరు కట్టుదురు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానముగా మనుష్యుల పేర్లు చెప్పగలిగిన నాడు తీరమును కట్టవచ్చును.

స్వస్తి.